వియత్నాంకి మాచర్ల మీదుగా

వియత్నాం వెళ్దామన్న మాట మొదట అన్నది మా అన్న కూతురు. ఆ పిల్లకి హైదరాబాదులో ఉద్యోగం. శని, ఆదివారాలు నరసరావుపేట వచ్చినప్పుడల్లా మమ్మల్ని ఏదో ఒక విషయంలో బాగుచేసి వెళ్తుంటుంది. ఒకసారి వచ్చి వాళ్ల నాన్న చేత కాఫీలో చక్కెర మాన్పించింది. ఇంకోసారి వచ్చి మా దుకాణంలో బిల్లులు కంప్యూటర్లో కొట్టడం నేర్పింది. ఈసారి వచ్చి విదేశం చూపిస్తానంది. అప్పటివరకూ మా ఇంట్లో విదేశం వెళ్లడమంటే సాగర్ దాటి నల్గొండ వైపు పెళ్లికి వెళ్లిరావడమే.

వెళ్లేది ఏడుగురం. అన్న, వదిన, వాళ్లమ్మాయి, నేను, నా భార్య. గురజాల నుంచి మా అక్క, బావ. అన్నా నేనూ కలిసి నరసరావుపేటలో బోరు మోటార్లు, పైపులు అమ్మే దుకాణం నడుపుతాం. బావకి గురజాలలో మిరప, పత్తి వ్యవసాయం. మిరప కోతలు మొదలయ్యేలోపు తిరిగి రావాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు. తరవాత ఇంకా చాలా పెట్టాడనుకోండి, కానీ ప్రతిసారీ అది ఒక్కటే అనేవాడు.

ఎక్కడికి వెళ్లాలన్నది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. అక్కడికి వెళ్లాక ఊరి నుంచి ఊరికి దేనిమీద తిరగాలన్నది తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆదివారం భోజనాలయ్యాక అన్న కూతురు తన ల్యాప్‌టాపుని టీవీకి తగిలించి పటం చూపించేది. గురజాల నుంచి అక్కా బావా ఫోన్లో కనపడేవాళ్లు. బావ ఫోను ఎప్పుడూ కిందకి పట్టుకునేవాడు కాబట్టి మాకు ఆయన గడ్డమూ, పైన తిరిగే ఫ్యానూ మాత్రమే కనపడేవి.

అన్న టూరు బస్సు వైపు. "నలభై మందితో పోతే ధైర్యంగా ఉంటదిరా. దారి తప్పినా నలభై మందిమి తప్పుతాం" అన్నాడు.

"బస్సైతే నేను రాను" అంది బావ గడ్డం. "ఆళ్లు ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి. నేనేం హాస్టల్లో చదువుకుంటన్నానా? సొంతంగా ఒక వ్యాను మాట్లాడుకుందాం. డ్రైవరు మన చెప్పుచేతల్లో ఉంటాడు."

"ఆ డ్రైవరుకి తెలుగు రాదు మావయ్యా."

"నాకు మాత్రం ఆడి భాష వస్తదా? ఇద్దరికీ చెల్లు."

నా భార్య రైలు కావాలంది. రైల్లో అయితే నడుం వాల్చవచ్చునట, పులిహోర తినవచ్చునట. నేను మాత్రం అక్కడే ఒక కారు అద్దెకి తీసుకుని నేనే నడుపుతానన్నాను. ఇరవై రెండేళ్లుగా ఇంటిల్లిపాదినీ తిప్పుతున్నది నేనే. ఆ మాత్రం గర్వం నాకుంది.

"బాబాయ్, అక్కడ స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. రోడ్డుకి కుడివైపున నడపాలి."

"మన పిడుగురాళ్ల రోడ్డు మీద ఏ వైపున ఖాళీ ఉంటే ఆ వైపు నడుపుతాం గదమ్మా. నాకు రెండూ అలవాటే."

ఆ పిల్ల నవ్వలేదు. ఫోన్లో ఫ్యాను మాత్రం కదిలి, మొదటిసారిగా బావ ముఖం పూర్తిగా కనపడింది. "అయితే ముందు సీటు ఏ పక్కుంటదే?" అన్నాడు.

"కుడి పక్క, మావయ్యా."

బావ చాలాసేపు ఆలోచించాడు. "సరే, ఏదో ఒక పక్క" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ నవ్వు ఎందుకో అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఏ బండిలోనైనా డ్రైవరు పక్క సీటు ఇంటి అల్లుడిది. మా నాన్న పెట్టిన మర్యాద అది. మా అక్క పెళ్లైన కొత్తలో అద్దె జీపు మాట్లాడినా, తరవాత సొంత కారు కొన్నా, బావ ఉంటే ముందు సీటు బావదే. బావ లేకపోతే ఆ సీటు మా అన్నది. అన్న కూడా లేకపోతే ఇంకెవరైనా మగవాళ్లది. ఓసారి వినుకొండలో పెళ్లికి వెళ్తూ, కారు చాలక బావని ఇంకెవరి కారులోనో వెనక కూర్చోబెట్టారు. ఆయన ఆ రోజు పెరుగన్నం దాకా వచ్చినా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అల్లుడు అలిగాడని మా నాన్న మరుసటి ఆదివారం గురజాల వెళ్లి బతిమాలుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఆ సీటు వైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు.

ఈ చర్చలన్నీ విని వదిన ప్రతి ఆదివారమూ ఒకే మాట అనేది. "మీరు పోయిరండి. నేను ఇల్లు చూసుకుంటా."

వదినకి కారు పడదు. కారే కాదు, బస్సూ జీపూ ఏదీ పడదు. ఊరు దాటకముందే ముఖం పాలిపోతుంది. పది కిలోమీటర్లకి వాంతి. రైల్లో ఏ ఇబ్బందీ లేదు కాబట్టి తిరుపతి చూసింది, కాశీ చూసింది. రైలు పోని చోటు ఏదీ చూడలేదు. గురజాల ఆడపడుచు ఇంటికో, మాచర్లలో పెళ్లికో తప్పనిసరైనప్పుడు మాత్రం ఒళ్లో ప్లాస్టిక్ కవర్ల కట్ట పెట్టుకుని వచ్చేది. గురజాల వచ్చిన రోజంతా అక్క ఇంట్లో పడుకునే ఉండేది. అక్క "మా వదిన వస్తే మంచం తప్ప ఇల్లు చూడదు" అని ఎగతాళి చేసేది.

అన్న కూతురు మొండికేసింది. అమ్మ రాకపోతే ఎవరూ రానక్కర్లేదు, అసలు ఈ ప్రయాణం పెట్టిందే అమ్మ కోసం అంది. పటంలో ఎంత వెతికినా అంతా రైలు మీద కుదరలేదు. కొండల్లో నాలుగైదు గంటలు రోడ్డు మీద పోకతప్పదు.

వదినకి రావాలని లేకపోతే మేమూ వదిలేసేవాళ్లమేమో. కానీ వదిన సంగతి మాకు దొరికిపోయింది. కూతురు కొనిచ్చిన నడక బూట్లు పెట్టె విప్పకుండా బీరువా మీద పెట్టిందనుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం నేను భోజనానికి తొందరగా వెళ్తే, వదిన చీర కొంచెం ఎత్తి పట్టుకుని, ఆ బూట్లు వేసుకుని, వంటింటి నుంచి హాల్లోకీ హాల్లోంచి వంటింట్లోకీ నడుస్తోంది. నన్ను చూసి, "కరుస్తయ్యేమోనని చూస్తన్నా అబ్బాయ్" అంది. నేను బడికెళ్లే రోజుల్లో మా ఇంటికి కోడలిగా వచ్చింది. నాకు తలకి నూనె రాసింది, పరీక్షలకి పొద్దున్నే లేపింది. ఇప్పుడు నాకే తలనెరిసినా ఆమెకి అబ్బాయినే. ఆ రోజు ఆమె ముఖం చూశాక, ఈ మనిషిని వదిలేసి వెళ్తే మాకు తిన్నది ఒంటపట్టదనిపించింది.

పరిష్కారం మా అన్న చెప్పాడు. "బోరులో దించే ముందు మోటారుని డ్రమ్ములో పెట్టి తిప్పి చూస్తాం గదరా. అట్టాగే దీన్ని కూడా ఒకసారి తిప్పి చూద్దాం. గురజాల మీదుగా మాచర్ల, అక్కణ్ణించి ఎత్తిపోతల జలపాతం. కొండ దారి కూడా తగులుతది."

"నేను మోటారునా?" అంది వదిన. కానీ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ, "ఇదే ఆఖరు. ఎత్తిపోతల దాకా బాగుంటే ఆ దేశం వస్తా. లేదంటే ఇంక నన్ను ఎవురూ అడగొద్దు. మీరు పోవడం మానొద్దు" అని కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

వానలు వెనకబట్టాక వచ్చిన ఒక ఆదివారం బయలుదేరాం. దానికి ముందు వారం రోజులూ ఇంట్లో వైద్యమే వైద్యం. అన్న కూతురు మణికట్టుకి కట్టుకునే పట్టీలు తెప్పించింది. నా భార్య అల్లం మురబ్బా చేసింది. అన్నేమో దినపత్రిక మడిచి కడుపు మీద పెట్టుకోమన్నాడు. అది ఆ రోజు పత్రికే అయి ఉండాలట, నిన్నటిది పనిచెయ్యదట. నేను నా వంతుగా టైర్లలో గాలి తగ్గించాను.

బావ పొలంలో మోటారు కాలిపోవడంతో అన్న ముందురోజే గురజాల వెళ్లాడు. అందుచేత నరసరావుపేటలో కారెక్కింది నలుగురమే. వెనక వరస మడిచి పులిహోర గిన్నె, చాపలు, ఆకులు సర్దాం. మధ్య వరసలో నా భార్య, అన్న కూతురు, వాళ్ల మధ్య గారెల డబ్బా. మిగిలింది మజ్జిగ క్యాను. మూత సరిగా పట్టని పాత స్టీలు క్యాను అది, అంచు దాకా మజ్జిగ. కిందపెడితే ఒలుకుతుంది, పడుకోబెడితే మునుగుతాం.

"అక్కా, నువ్వు ముందు కూర్చుని దాన్ని ఒళ్లో పట్టుకో" అంది నా భార్య.

అలా వదిన ముందు సీట్లో కూర్చుంది. ఆ సీటు మేము వదినకి ఇచ్చింది కాదు, మజ్జిగకి ఇచ్చింది.

పిడుగురాళ్ల వచ్చింది. కవరు బయటికి రాలేదు. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. వదిన క్యానుని రెండు చేతులా పట్టుకుని, కూతురితో పక్కింటివాళ్ల పెళ్లి సంబంధం గురించి మాట్లాడుతోంది. సున్నపు బట్టీలు దాటాం. గురజాల వచ్చేశాం. అక్క వాకిట్లో కారు ఆపేసరికి వదిన తనంతట తనే తలుపు తీసుకుని, క్యానుతో సహా దిగి, "కాస్త ముందు దీన్ని పట్టుకోండి, చేతులు లాగుతన్నయ్" అంది.

అక్క నోరు తెరుచుకుని చూసింది. ఆ తరవాత పావుగంట సేపు మా అందరికీ గొడవైంది. పట్టీ వల్లే అంది అన్న కూతురు. మురబ్బా వల్లే అంది నా భార్య. "పేపరు పెట్టుకుందా?" అన్నాడు అన్న. పెట్టుకుంది, అయితే అది పోయిన శుక్రవారానిది. "అయినా పనిచేసింది చూశావా" అన్నాడు. నేను మాత్రం నా డ్రైవింగే కారణమని మనసులో గట్టిగా నమ్మాను. పైకి వినయంగా, "ఇయ్యాళ గుంతలు చానా తప్పించాన్లే" అన్నాను.

మళ్లీ బయలుదేరేటప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. సామాను కాళ్ల దగ్గరికి సర్దుకున్నాం. బావ తెల్ల చొక్కా దులుపుకుని ముందు కూర్చున్నాడు. అన్న, అక్క, నా భార్య మధ్యలో. వదిన కూతుర్ని తీసుకుని వెనక వరసలోకి వంగి దూరింది. అది ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే.

"కళ్లు మూసుకో వదినా, నిద్రపోతే ఏమీ తెలవదు" అంది అక్క.

రెంటచింతల దాటకముందే కవరు చప్పుడైంది. మాచర్లలో ఒకసారి ఆపాను. సాగర్ వైపు కొండ మలుపుల్లో రెండుసార్లు ఆపాను. మూడోసారి వదిన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, నీళ్లు పుక్కిలించి ఊసి, కూతురితో, "అయిపోయింది గదమ్మా. ఇంక అడగొద్దన్నా. ఒట్టేశావ్" అంది. ఆ పిల్ల అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

కారు దగ్గర మళ్లీ వైద్యమండలి కూర్చుంది. అక్క పెట్టిన ఇడ్లీ పడలేదన్నాడు అన్న. ఇడ్లీని అనేసరికి అక్కకి కోపం వచ్చింది. మలుపులంది నా భార్య. రెంటచింతల దగ్గర మలుపులెక్కడున్నాయని నేనన్నాను. అన్నాక ఆ మాట నాకే తగిలింది. రోడ్డదే, కారదే, నడిపేది నేనే, పట్టీ చేతికే ఉంది, మురబ్బా నోట్లోనే ఉంది. గురజాల నుంచి మారింది ఒక్కటే.

ఎత్తిపోతల చేరాక మిగతావాళ్లు చాపలు పరుస్తుంటే, నేను వదిన పక్కన నిలబడ్డాను. కింద జలపాతం బాగానే దూకుతోంది. చెప్పడం ఎలాగో తెలియక తిన్నగా అడిగేశాను.

"వదినా, ముందు కూర్చుంటే నీకు రాదు గదా?"

ఆమె నీళ్లకేసే చూస్తూ, "రాదు" అంది.

"నీకు తెలుసా?"

"తెలుసబ్బాయ్. ఇది కడుపులో ఉన్నప్పుడు గుంటూరు ఆస్పత్రికి జీపులో పోవాల్సొచ్చింది. కుదుపులని మీ నాన్న నన్ను ముందు కూర్చోబెట్టాడు. అసలే వేవిళ్లు. అయినా పోయేటప్పుడు రాలా, వచ్చేటప్పుడు రాలా."

ఇది అంటే ఆమె కూతురు. ఇరవై ఏడేళ్ల మనిషి.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంది?"

"ఏమని చెప్పేది? గురజాల అన్నయ్యగారిని లేవమని చెప్పేదా? పేపరు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నా. నిమ్మకాయ అన్నారు, వాసన చూశా. యాడ కూర్చుంటావని ఒక్కళ్లన్నా అడిగితే చెప్పేదాన్ని."

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నకి తోచలేదు, అక్కకి తోచలేదు అనుకోవడానికి కూడా లేదు. ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టుకున్నవాణ్ణి నేను. పక్క సీట్లో ఎవరున్నారో, వెనక సీట్లో ఎవరున్నారో, అద్దంలో రోజూ చూసినవాణ్ణి నేను.

బావకి చెప్పే పని నా మీద పడింది. నిజం చెప్తున్నాను, భయమేసింది. అల్లుణ్ణి సీట్లోంచి లేపిన చరిత్ర మా వంశంలో లేదు. ఆయన విస్తట్లో గారెలు రెండు ఎక్కువ వేసి, పక్కన కూర్చుని, వదిన ఆరోగ్యం అని మొదలుపెట్టి, డాక్టర్లు అని తిప్పి, చివరికి విషయం బయటపెట్టాను.

బావ గారె నమలడం ఆపాడు. "ముందు సీటా?" అన్నాడు.

"ఈ ఒక్క ప్రయాణానికే బావా. మీరు ఇంకో రకంగా అనుకోవద్దు."

"నువ్వాగు." విస్తరి పక్కకి జరిపాడు. "ఆ సీటంటే నాకు ప్రాణం పోద్దయ్యా. ఎదురుగా లారీ వస్తంటే మీద పడతన్నట్టే ఉంటది. నువ్వు తోలేదానికి కాళ్లతో బ్రేకులు తొక్కీ తొక్కీ మోకాళ్లు పోయినయ్ నాకు. ఎండ మొకాన కొడతది. నిద్రపోదామంటే డ్రైవరు పక్కన పోకూడదంటారు. మీ నాన్న తలుపు తీసి పట్టుకుని నిలబడితే కాదంటానా? ఆయన పోయినాక మీ అన్న పట్టుకున్నాడు. ఇంత మర్యాద చేస్తంటే వద్దంటే ఏమనుకుంటారోనని కూర్చుంటన్నా."

"మరి వినుకొండ పెళ్లప్పుడు అలిగారు గదా?"

"ఎవురు, నేనా? ఆ రోజు నాకు పన్ను నొప్పి."

అక్కకి నవ్వాగలేదు. అన్న మాత్రం నవ్వలేదు. లేచి వదిన దగ్గరికి వెళ్లాడు. "ఏమే, నాకన్నా చెప్పొచ్చు గదా" అన్నాడు. ఆమె ఏమందో మాకు వినపడలేదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. వచ్చేటప్పుడు ముఖం ఎవరికీ చూపించకుండా మంచినీళ్ల బాటిలు వెతుకుతున్నట్టు కారులో తలదూర్చాడు.

అన్న కూతురు అప్పటికే ఫోనులో వ్యాను ఖాయం చేస్తోంది. బస్సూ కాదు, రైలూ కాదు, డ్రైవరుతో వ్యాను. అద్దెకిచ్చేవాళ్లకి రాసిన ఉత్తరంలో "ముందు సీటు మా అమ్మకి" అని ప్రత్యేకంగా పెట్టింది. "ఆ బండోళ్లకి అదేం పట్టిందే?" అన్నాడు బావ. "వాళ్లకి కాదు మావయ్యా, మీకే" అంది.

తిరుగు ప్రయాణంలో బావే ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు చెల్లెమ్మా" అన్నాడు. వదిన ఇబ్బందిపడుతూ, చీర సర్దుకుంటూ, అంచుమీద కూర్చుంది. కొండ మలుపుల దగ్గర నేను ఓరకంట కవర్ల కట్టకేసి చూశాను. ఏమీ కాలేదు. మాచర్ల వచ్చేసరికి ఆమె సీట్లో వెనక్కి ఆనుకుంది. బావ వెనక వరసలో కాళ్లు చాపుకుని గురక మొదలుపెట్టాడు.

మాచర్ల దాటాక వదిన అడగడం మొదలుపెట్టింది. ఇదేం చేను అబ్బాయ్, పత్తా? ఆ కొండ మీదేంది? ఈ రోడ్డు యాడికి పోద్ది? నేను చెప్తూ ఉన్నాను. కాసేపటికి ఒక ఊళ్లోకి వచ్చాం. వదిన ముందుకి వంగి, అద్దంలోంచి పైకి చూస్తూ, "ఎంత పెద్ద చర్చో. ఇదేం ఊరు?" అంది.

"రెంటచింతల, వదినా."

"రెంటచింతలా? మాచర్ల పెళ్లిళ్లకి ఈ దారినేగా పోయేది?"

"ఈ దారినే."

"ఎన్నిసార్లు పోయుంటాం?"

ప్రతిసారీ కారెక్కగానే కళ్లు మూసుకోమన్నది మేమే. బండిని బాగా నిదానం చేశాను. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి.

"ఏందిరా, ఆపుతన్నావ్?" అన్నాడు అన్న.

"వదిన ఊరు చూస్తంది" అన్నాను.